పదకొండు బొమ్మల్లో ఒకే కన్నం

చిరిగిన బట్టలు బాగుచేసే దర్జీ అక్కకు మొగుడు లేడు, పిల్లలు లేరు, నగా నట్రా లేవు. ఉన్నవల్లా ఒక కుట్టుమిషను, ఒక తమ్ముడు, గోడ నిండా ఊరి బొమ్మలు. బొమ్మలంటే క్యాలెండరు బొమ్మలు కావు. రెండొందల ఏళ్ళ కిందట ఎవరో ఓపికమంతులు రాగిరేకు మీద సూదిలాంటి ఉలితో గీత గీతా చెక్కి, సిరా పూసి, కాగితం మీద ఒత్తిన అచ్చుబొమ్మలు. ఏటి మీద తొమ్మిది కమానుల వంతెన, గడియార స్తంభం లేని రోజుల నాటి సంత వీధి, ఇప్పుడు బస్సులు తిరిగేచోట పడవలు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు వంతెన చూసి, బురుజులు చూసి, బాగున్నాయని వెళ్ళిపోయేవాళ్ళు. ఆమె మాత్రం భూతద్దం పెట్టుకుని, మూలల్లో నిలబడ్డ చీమంత మనుషుల బట్టలు చూసేది. ఈ చేపలమ్మే ఆడమనిషికి చంక దగ్గర మరీ బిగుతు, చెయ్యెత్తిందంటే చిరుగుతుంది, బొమ్మ చెక్కినవాడికి దర్జీ పని ఒక్క ముక్క రాదు అని ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన మనిషిని తిట్టేది. ఆదివారం పూట ఆ చెక్కినవాడు ఎక్కడ నిలబడి చూశాడో వెతుక్కుంటూ వెళ్ళి, తనూ అక్కడే నిలబడి, ఏరు ఇంత వెడల్పు లేదు, వీడు కోతలు కోశాడు అని తేల్చి ఇంటికొచ్చేది.

మొదటి బొమ్మ ఆమె సొంతంగా సంపాదించుకుంది. పాత కాగితాల కొట్టువాడి కోటుకు అస్తరు మార్చిపెట్టి, కూలికి బదులు తీసుకుంది. సగం ఆకాశం చిరిగిపోయిన పడవల రేవు. మిగతా పదకొండూ తమ్ముడు తెచ్చినవే.

ఆ తమ్ముణ్ణి పెంచింది ఆమే. తల్లి పోయేటప్పటికి వాడికి ఆరేళ్ళు, ఆమెకు పదహారు. మిషను చప్పుడే వాడికి జోలపాట. పెద్దయ్యాక ఊరి లైబ్రరీలో, పుస్తకాలు బైండింగు చేసే గదిలో పనికి కుదిరాడు. అక్కడి ముసలి మేస్త్రి వాడికి కత్తి పట్టడం దగ్గర్నుంచి జిగురు కాయడం దాకా దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు.

ఏడాదికోసారి, అక్క పుట్టినరోజుకు, తమ్ముడు ఒక బొమ్మ తెచ్చేవాడు. ఒట్టి బొమ్మ కాదు, దాంతోపాటు ఒక కథ కూడా. ఒకటి పాత ట్రంకుపెట్టె అడుగున పరిచి ఉందట. ఒకటి మంగలి దుకాణంలో అద్దం వెనక దొరికిందట. అన్నిట్లోకీ ఆమెకు నచ్చింది ముసలావిడ కథ. చూపు పోయిన ఒక ముసలావిడ మేడ మీద గదిలో ఒక చిలకతో ఒంటరిగా ఉంటుందట. నేను చూడలేని బొమ్మ నాకెందుకు నాయనా, చూసేవాళ్ళకివ్వు అని గోడ మీది బొమ్మ తీయించి ఇచ్చిందట. ఆ మాటకు అక్క కరిగి నీరైపోయింది. చలికి వేసుకోమని ముసలావిడకు నీలం ఉన్ని కోటు కుట్టింది. కళ్ళు కనబడవు కదా అని, తడిమితే చేతికి తెలిసేలా పెద్ద పెద్ద బొత్తాలు పెట్టి, తమ్ముడి చేత పంపింది.

అయిదేళ్ళ కిందట లైబ్రరీలో గొడవైంది. తనిఖీలో, ఊరి దృశ్యాలున్న పాత పుస్తకమొకటి తెరిచి చూస్తే అట్టలున్నాయి, రాత పేజీలున్నాయి, బొమ్మలు లేవు. ఎంత శుభ్రంగా కోశారంటే, చెయ్యి తిరిగిన బైండరు పనే అన్నారు. రుజువేమీ దొరక్కపోయినా ముసలి మేస్త్రిని ఇంటికి పంపేశారు.

అక్కకు కడుపు మండింది. పుస్తకం కోసి బొమ్మలు తీసేవాడు మనిషేనా అంది. అప్పటికి మేస్త్రి చొక్కా ఒకటి బాగుకని ఆమె దగ్గరుంది. ఆయన గుమ్మంలోకి రాగానే, కుట్టని చొక్కా అలాగే మొహాన విసిరికొట్టింది. తమ్ముడు లోపల కూర్చుని టీ తాగుతున్నాడు. మంచి పని చేశావక్కా అన్నాడు. ఆ పుస్తకంలోవి రంగుల బొమ్మలు, నీవి వేరే అని కూడా అన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. అడగాలని లేనప్పుడు భూతద్దం మాత్రం ఏం చేస్తుంది.

ఈ ఏడు వానలకు గోడ చెమ్మ పట్టింది. ఫ్రేములన్నీ దించి, బొమ్మలు బయటికి తీసి, బల్ల మీద ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే వంతెన పైన ఆకాశంలో ఒక కన్నం కనబడింది. పుస్తకాల పురుగు తొలిచిన కన్నం. పాత కాగితానికి కన్నాలుండవా అనుకుంది. దాని కింది బొమ్మలోనూ సరిగ్గా అక్కడే ఉంది. దాని కిందా అక్కడే. ఒకదాన్లో కందిగింజంత, ఒకదాన్లో కొంచెం చిన్నది, ఇంకొకదాన్లో ఆవగింజంత. పెద్ద కన్నం నుంచి చిన్న కన్నానికి పదకొండూ వరస పెట్టింది. అంచులు కలిపింది. దారం ఎక్కించిన సూది పైనుంచి దించింది. సూది ఎక్కడా కాగితానికి తగలకుండా అటుపక్కకు వచ్చేసింది.

ట్రంకుపెట్టెలో దూరిన పురుగు, మంగలి దుకాణానికి నడిచి, ముసలావిడ మేడ ఎక్కి, అన్నిచోట్లా టేపు పెట్టి కొలుచుకున్నట్టు ఒక్కచోటే తొలవదు. అన్నీ ఒకే పుస్తకంలో ఉంటేనే తొలుస్తుంది. తన సొంత రేవు బొమ్మ తీసి చూసింది. దానికి కన్నం లేదు.

సూది అలాగే వదిలేసి తమ్ముడింటికి వెళ్ళింది. వాడింకా పని నుంచి రాలేదు. మరదలు పెరట్లో దండెం మీది బట్టలు తీస్తోంది. ఒంటి మీద నీలం కోటు.

"ఇదెక్కడిదమ్మా?" అంది అక్క.

"మీరు కుట్టిందేగా వదినా. నాకోసం ఇచ్చారని మీ తమ్ముడు తెచ్చాడు. బొత్తాలే మరీ పళ్ళేలంత ఉన్నాయి. చెబితే ఏమనుకుంటారోనని ఊరుకున్నాను."

తమ్ముడు వచ్చాక ఆమె అరవలేదు. పదకొండు కన్నాల సంగతి చెప్పింది. వాడు "నీకోసమే కదక్కా" అన్నాడు.

ఆమెకు మంట అక్కడ రేగింది. చేసింది చేసి, దాన్ని కూడా తెచ్చి ఆమె నెత్తినే పెట్టాడు. మరి మేస్త్రి సంగతేంట్రా అంటే, ఆయనకెలాగూ వయసైపోయిందిగా అన్నాడు. రేపు పొద్దున లైబ్రరీకి పోదాం, నీ నోటితో నువ్వే చెప్పు అంది. సరేనన్నాడు. చిన్నప్పుడు మందు మింగుతానని ఒప్పుకున్నట్టే తలూపాడు.

పొద్దున అక్క లైబ్రరీ మేడమ్ బల్ల మీద మూట విప్పి, బొమ్మలన్నీ పరిచింది. మేడమ్ ఒక్కొక్కటీ తిరగేసి చూసి, ఇవెక్కడివని అడిగింది. తమ్ముడు వెంటనే అందుకున్నాడు.

"మా అక్కకు చదువు రాదు మేడమ్. పాపం, తెలియక ఆ మేస్త్రి దగ్గర తీసుకుంది."

ఎక్కడా తడుముకోలేదు. ట్రంకుపెట్టె కథ చెప్పినప్పుడూ ఇదే గొంతు, చిలక కథ చెప్పినప్పుడూ ఇదే మొహం. పదకొండు పుట్టినరోజులూ ఆమె కళ్ళముందే కుట్లు ఊడి జారిపోయాయి.

"చదువు రాదు గానీ కళ్ళున్నాయి మేడమ్" అంది. "ఇవి తెచ్చింది వీడే. ఏడాదికొకటి. మేస్త్రిగారు మా గుమ్మానికి వచ్చింది చొక్కాల కోసమే."

మేడమ్ కాగితం తీసి రాసుకుంది. ఇద్దర్నీ వేలిముద్ర ఒకరు, సంతకం ఒకరు పెట్టమంది.

బయట మెట్ల మీద తమ్ముడు, "ఎవడో బయటివాడి కోసం నన్ను ముంచేశావు కదక్కా" అన్నాడు.

"ఆ ముసలావిడ నిజంగా ఉంటే బాగుండేదిరా" అందామె. వాడికి అర్థం కాలేదు.

అక్కణ్ణుంచి నేరుగా మేస్త్రి ఇంటికి వెళ్ళింది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని అట్టపెట్టెలు అంటిస్తున్నాడు. లోపలికి రమ్మనలేదు. ఆమె గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పింది.

"తెలుసు" అన్నాడాయన. "కోత చూసిన రోజే తెలిసింది. వాడు చివర్లో కత్తి ఎడమకు లాగుతాడు. ఎన్నిసార్లు తిట్టినా ఆ అలవాటు పోలేదు."

"మరి ఎవరికీ చెప్పలేదేం మేస్త్రిగారూ?"

"ముందు నీకు చెబుదామనే ఆ రోజు చొక్కా వంకన వచ్చానమ్మా. చూస్తే నీ గోడ నిండా అవే. వాడు లోపల టీ తాగుతున్నాడు. నువ్వు చొక్కా విసిరావు. అక్కా తమ్ముడూ కలిసే చేశారనుకున్నాను. పనిలోంచి గెంటేసిన మనిషి మాట ఇంకెవరు నమ్ముతారని ఊరుకున్నాను."

"నాకు తెలియదండీ" అందామె.

ఆయన చేతిలో పెట్టె కింద పెట్టి ఆమె మొహంలోకి చూశాడు. నమ్మాడో లేదో చెప్పలేదు. మళ్ళీ పెట్టె చేతిలోకి తీసుకున్నాడు.

ఆయన ఒంటి మీద ఆ రోజు ఆమె విసిరిన చొక్కానే. చిరిగిన భుజాన్ని తనే కుట్టుకున్నట్టున్నాడు, పుస్తకం వెన్ను కుట్టినట్టు లావు దారంతో, వంకర టింకర కుట్లు. ఇటివ్వండి, విప్పి మళ్ళీ కుట్టి ఇస్తాను అంది. ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆ కుట్లు ఒకసారి తడుముకున్నాడు.

"ఇది గట్టిగానే ఉందమ్మా" అన్నాడు.