అచ్చు తీసినవారి పేర్లు

నా నోటు పుస్తకాలలో ఉన్నవాటిని ఉన్నట్టుగా, తేదీల వరుసలో ముందు ఇక్కడ పెడుతున్నాను.

2014 జూలై. కొత్త రాష్ట్రం ఏర్పడి నెల తిరిగింది. పురావస్తు కార్యాలయంలో ఖాళీలు నింపుతామని, రోజుకూలి మీద పనిచేస్తున్న పాతవారికే మొదటి అవకాశమని మా అధికారి నల్లగొండలో మా ముందు నిలబడి చెప్పాడు. ఆ మాట కాగితం మీద పెట్టమని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు.

2016 ఏప్రిల్. కేతేపల్లి వైపు ఒక పాత గుడి మరమ్మతు. కూలీల హాజరు రాసే మస్టరులో నా పేరు ఎదుట ‘నైపుణ్యం లేని కూలి’ అని రాశారు. పురావస్తు శాస్త్రంలో ఎమ్మే చదివినవాడికి ఆ మస్టరులో వేరే గడి లేదట.

2018 డిసెంబరు. రామన్నపేట దగ్గర తొమ్మిది రోజులు కూర్చుని నేను చదివిన శాసన పాఠం కార్యాలయ సంచికలో వచ్చింది. కింద అధికారి పేరు ఉంది. నా పేరు కృతజ్ఞతల్లో కూడా లేదు.

2024 ఆగస్టు. నా దగ్గర ఆరేళ్లు పనిచేసిన అమ్మాయికి ఇచ్చిన అనుభవ పత్రంలో ‘కాగితం తడుపుట, నీళ్లు మోయుట’ అని రాశారు.

మొదటి మూడూ నాకు జరిగినవి. వాటిని మింగి ఊరుకున్నాను. నాలుగోది మింగడానికి నాకు హక్కు లేదు.

మా పని ఏమిటో తెలియనివారి కోసం చెబుతాను. రాతి మీద చెక్కిన అక్షరాలను కాగితం మీదికి దించడం మా పని. దాన్నే అచ్చు తీయడం అంటాం. బండను కడిగి, తడిపిన కాగితాన్ని దానిమీద పరిచి, కుచ్చు బ్రష్షుతో కొడుతూ పోవాలి. కాగితం ప్రతి అక్షరపు గుంటలోకీ దిగాలి, చిరగకూడదు. అది సగం ఆరగానే సిరా గుడ్డతో అద్దాలి. అప్పుడు అక్షరాలు తెల్లగా, మిగతాదంతా నల్లగా వస్తుంది. ఒక నిమిషం ముందైతే సిరా పాకుతుంది, ఒక నిమిషం ఆలస్యమైతే కాగితం లేచిపోతుంది. పాలమూరు ఎండలో ఆ నిమిషాన్ని పట్టుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

కేతేపల్లి పనిలో ఒక తాపీ మేస్త్రీ ఉండేవాడు. రోజు కూలి తీసుకునే వరుసలో నా ముందు నిలబడి ఒకసారి అడిగాడు:

“సారూ, ఎన్నేండ్లు సదివినవ్?”

“పదిహేడేళ్లు.”

“నేను తాపి పట్టుడు మూడు నెలలల్ల నేర్సిన. గయినా నీకంటె నాకే ఎక్కువిస్తుండ్రు. జర మా పోరనికి చెప్పకు సారూ, రేపటిసంది బడి బంద్ జేస్తడు.”

వరుసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు పుటలో మాత్రం మేస్త్రీ కూలి, నా కూలి పక్కపక్కనే రాసుకున్నాను.

ఆ అమ్మాయిది కోస్గి పక్క పల్లె. తల్లి కూలికి పోయి చదివించింది. మానవ శాస్త్రంలో ఎమ్మే చేసింది. 2018లో మా పని జరుగుతున్న చోటికి తానే వెతుక్కుంటూ వచ్చింది.

“మనుషుల గురించి సదివిన సార్. ఇంటింటికి తిరిగి ఫారాలు నింపుమన్నరు, ఫారానికింత అని ఇచ్చిండ్రు. ఏం తింటరు, ఎవరిని మొక్కుతరు, అన్నిటికి గడులే. గా గడి బయట మనిషి ఏం చెప్పినా రాయొద్దన్నరు. గీ రాళ్ల పనన్న నేర్పుండ్రి.”

నేర్పాను. నాకు నాలుగేళ్లు పట్టినది ఆమెకు ఏడాదిన్నరలో వచ్చింది. కోస్గి దగ్గర చేను గట్టు మీది శాసనానికి ఆమె అచ్చు తీస్తుంటే ఒక ముసలవ్వ వచ్చి కూర్చుంది.

“ఏం దొరికింది బిడ్డా? బంగారమా?”

“అక్షరాలవ్వా.”

“గవి నాకు పుట్టినకాడికెల్లి కనవడుతనే ఉన్నయి గదనే! గవిటికి సర్కారు జీతమిస్తదా?”

“ఇయ్యదవ్వా. కూలిస్తది.”

“మరి కలుపుకు రారాదు, నీడన్న ఉంటది.”

ఈ ఏడు కార్యాలయం రెండు సాంకేతిక ఉద్యోగాలకు దరఖాస్తులు పిలిచింది. అచ్చు తీయడంలో ఐదేళ్ల అనుభవం ఉండాలన్నారు. ఆమెకు వయఃపరిమితి ఈసారితో ముగుస్తుంది. అంటే ఆ పత్రంలోని ఒక్క వాక్యం మారకపోతే ఆమెకు ఈ వృత్తిలో ఉద్యోగం ఇక ఎన్నటికీ రాదు. నేను ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాను. గుమాస్తా మర్యాదస్థుడే. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు.

“పెద్దసారూ, మస్టరుల ఏముంటె గదే రాస్తం. గీమె అచ్చులు తీసినట్టు రుజువేది?”

“మీ బీరువాలో ఉన్న ప్రతులే రుజువు.”

అతను బీరువా తెరిచి ప్రతుల చుట్టలు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఆమె తీసినవి ఒక్కొక్కటిగా గుర్తుపట్టాను. గుడ్డ మీద అతికించిన అందమైన ప్రతులు. నాలుగు వైపులా సమానమైన, శుభ్రమైన అంచులు.

“పేరేడుంది సారూ? జర మీరే సూపియ్యుండ్రి.”

చూపించలేకపోయాను. ఎందుకో ఇక్కడ రాయాలి. ఇతరుల తప్పులను తేదీలతో రాసినవాడు తన తప్పును తేదీ లేకుండా వదిలితే ఆ పుస్తకాలకు విలువ ఉండదు.

అచ్చు తీయగానే కాగితం కింది అంచున పెన్సిలుతో ఊరు, రాయి ఏ వైపో, తేదీ, కాగితం కొట్టినవారి పేరు, సిరా అద్దినవారి పేరు రాయడం మా పద్ధతి. ఆ అంచులు మురికిగా కనబడుతున్నాయని, కత్తిరించి పంపమని మా అధికారి నోటిమాటగా చెప్పాడు. కత్తిరించినది నేను. స్టీలు స్కేలు పెట్టి, బ్లేడుతో, వెంట్రుకవాసి తేడా రాకుండా కోసేవాడిని. ఆ పనితనానికి గర్వపడ్డాను కూడా. 2019 మార్చిలో ఆమెకూ నేర్పాను. ఆమె బ్లేడు పట్టుకుని ఆగింది.

“సార్, పేర్లు పోతున్నయి గదా?”

“పేర్లు పుస్తకంలో ఉన్నాయి బిడ్డా. కొయ్యి.”

కోసింది. ఆ ముక్కలు పొయ్యిలో వేసి చాయ్ కాచుకున్నాం. ఆరేళ్లు ఆమె చేతి పనికి ఉన్న సాక్ష్యాన్ని ఆమె చేతనే కోయించాను.

నా పుస్తకాలు సంచీలోంచి తీసి గుమాస్తా ముందు పెట్టాను. ప్రతి అచ్చుకూ ఒక వరుస ఉంది, ప్రతి వరుసలో ఆమె పేరు ఉంది.

“గిది మీ సొంత బుక్కు సారూ. ఆఫీసు రికార్డు గాదు. మేమెట్ల నమ్ముతం?”

ఇదే కార్యాలయం వార్షిక నివేదిక కోసం ఇవే పుస్తకాలను రెండుసార్లు నా ఇంటి నుంచి తెప్పించుకుంది. రాళ్ల ఎత్తు, వెడల్పు, పంక్తుల సంఖ్య అన్నీ వీటిలోంచే ఎత్తి రాసుకుంది. అప్పుడు ఎవరూ ఇది సొంత పుస్తకమనలేదు.

బస్టాండులో ఆమె నన్ను ఓదార్చబోయింది. “పోనీండ్రి సార్. మా కంది చేను అనుభవ పత్రం అడగదు.” కోపం తెచ్చుకుని నన్ను తిట్టి ఉంటే తేలికపడేవాడిని.

ఈ జ్ఞాపకాన్ని పత్రికలో అచ్చుకు ఇస్తూ, ఒక ప్రతిని ఆ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. కింది ప్రశ్నలకు జవాబు కోరుతున్నాను.

ఒకటి: మీ బీరువాలో 2018 నుంచి చేరిన ప్రతులను ఆమె తీయకపోతే, తీసినవారు ఎవరు? వారి పేర్లు తెలుపగలరు.

రెండు: కొలతలకు ప్రమాణమైన నా పుస్తకాలు పేర్లకు ఎందుకు ప్రమాణం కావు?

మూడు: అంచులు కత్తిరించమన్న ఆదేశం మీదేనని ఒప్పుకుంటారా? కత్తిరించిన తప్పు నాదని నేను ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను. దానికి ఏ చర్య తీసుకున్నా నా మీద తీసుకోండి.

ఇంకా అనుమానం ఉంటే మీకు నచ్చిన రాయిని, మీరు ఎంచుకున్న అధికారి సమక్షంలో ఆమెకు చూపించండి. కాగితం, సిరా నేను తెస్తాను. వచ్చిన అచ్చును చూసి పత్రం రాయండి.

ఆమె దరఖాస్తుకు చివరి తేదీ ఈ నెల ముప్పై. సవరించిన పత్రం గానీ, సవరించలేకపోవడానికి కారణం గానీ ఇరవై ఐదులోగా లిఖితపూర్వకంగా, హోదాతో కూడిన సంతకంతో, ఆమె చిరునామాకు చేరాలి. ఫోనులో చెప్పిన మాటను జవాబుగా స్వీకరించబోము.