మిద్దె మీద ఎండిన పాటలు

మా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో... మా మిద్దె మీద సండిగలతో... అదే, వడియాలతో పాటు ఒకరోజు పాటలు కూడా ఎండాయి!

నవ్వకండి, నిజమే. మా నాయనకు బస్టాండు దగ్గర మైకు సెట్టు అంగడి ఉండేది. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు, చర్చిలో క్రిస్మస్‌కు... చుట్టుపక్కల ఏ ఊళ్లో పాట వినిపించినా అది మాదే అయ్యుంటుందని మాకు గొప్ప. రికార్డులను మేము ప్లేట్లు అనేవాళ్లం, వాటి మీద నడిచే సూదిని ముల్లు అనేవాళ్లం. ప్లేట్లన్నీ ఒక రేకు పెట్టెలో ఉండేవి. ఆ పెట్టే మా ఇంటికి అన్నం పెట్టేది.

ఒక వేసవిలో పెళ్లి మధ్యలో గాలివాన వచ్చి పెట్టెలోకి నీళ్లు పోయాయి. మరుసటి రోజు పొద్దున్నే నాయన యాంప్లిఫైయరు బాగు చేయించడానికి నంద్యాల బస్సెక్కాడు. ఆ వారంలోనే ఇంకో పెళ్లి ఒప్పుకుని ఉన్నాడు మరి. అమ్మ పాపం, ఆయన వచ్చేలోపు పని సగమైనా తీరుద్దామనుకుంది. ప్లేట్లన్నీ ఒక్కొక్కటే మెత్తటి గుడ్డతో తుడిచింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది... మా ఇళ్లల్లో తడిసింది ఏదైనా మిద్దెక్కాల్సిందే కదా! పాత చీర పరిచి, సండిగల పక్కనే వరసగా ఆరబోసింది. కాకులు రాకుండా నన్ను కాపలా కూడా పెట్టింది.

ఆళ్లగడ్డ ఎండ సంగతి మీకు చెప్పాలా... మధ్యాహ్నానికి ప్లేట్ల అంచులు లేచాయి. నూనెలో పడ్డ అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. అమ్మ వాటిని చూసి అక్కడే కూలబడింది.

సాయంత్రం నాయన వచ్చి మిద్దెక్కి చూశాడు. ఒక ప్లేటు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

“ఇంగ ఏడ్చి ఏం చేస్తావ్ మే! ఎండబెట్టేది అయిపాయ, వేయించేదొకటే ఉండాది” అన్నాడు నాయన.

తిట్టి ఉంటే అమ్మకు బరువు తీరేదేమో... ఆయన తిట్టలేదు. రెండు నాపరాళ్ల మధ్య గుడ్డలు వేసి, ప్లేట్లు పెట్టి, పైన రోలు ఎక్కించాడు. కొన్ని సరయ్యాయి. కొన్ని మొండికేశాయి.

వాటితోనే ఆ పెళ్లికి పోయాం. అంతా బాగానే జరిగింది. చివర్లో పెళ్లికూతుర్ని సాగనంపేటప్పుడు వేసే పాట ఒకటి ఉండేది... ఏ పెళ్లిలోనైనా అది పడాల్సిందే. ఆ ప్లేటేమో వంకరది. ముల్లు ఎక్కుతూ దిగుతూ పోతుంటే పాట వణికింది, సాగింది, గొంతు పూడుకుపోయినట్టయింది. నాయన తల దించుకున్నాడు. పెళ్లికూతురి అవ్వ మాత్రం కళ్లు తుడుచుకుంటూ “పాటకు గూడా ఏడుపొస్తాందమ్మా” అంది. ఇంక ఆ పందిట్లో ఏడవని వాళ్లు లేరు!

ఆ మాటకు మేం ఎన్నేళ్లు నవ్వుకున్నామో. అమ్మ మాత్రం నవ్వేది కాదు. ఆ తర్వాత ఆమె ప్లేటు ముట్టలేదు. కొన్నాళ్లకు నాయన అంగడి మూసేసి నంద్యాలలో వేరే పనికి కుదిరాడు. అంగడి పోయింది తన వల్లనే అని అమ్మ మనసులో నాటుకుపోయింది. కాదని నాయన ఎంత చెప్పినా వినలేదు. ఆయన పోయాక అట్లా చెప్పేవాళ్లూ లేకపోయారు.

ఈమధ్య నేనొక కొత్త టర్న్‌టేబుల్ కొన్నాను. నంద్యాలలో మా ఇంటి హాల్లో పెట్టాను... ఎండ పడని మూల చూసి సుమా! అప్పటినుంచి సెలవొస్తే చాలు, ప్లేట్ల వేటే. ఆత్మకూరులో ఒకరి అటక మీద కొన్ని దొరికాయి. దుమ్ము తుడిచి, ముల్లు దించితే, పాట మొదలయ్యే ముందు వచ్చే ఆ చిటపటలు... అబ్బ, ప్రాణం లేచొస్తుంది.

అమ్మ మాత్రం వంటింటి గడప దాటి రాదు. అక్కడే నిలబడి వింటుంది. “రామ్మా, ఈ ఒక్కటి నువ్వు పెట్టు” అంటే, “నా చెయ్యి మంచిది కాదులే పాపా... ఒక అంగడిని తినింది” అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా... ఎన్ని పాటలు తెచ్చుకుని ఏం లాభం అనిపిస్తుంది.

పోయిన నెల ప్యాపిలిలో ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. ఒకప్పుడు ఆయనదీ మైకు సెట్టు అంగడే, నాయనకు బాగా తెలిసినవాడు. తన ప్లేట్ల పెట్టె నా చేతికిస్తూ అమ్మ ఎట్లుందని అడిగాడు. మనసాగక అంతా చెప్పేశాను. ఆయన పగలబడి నవ్వాడు.

“క్యాసెట్లు వచ్చినాక ఈ చుట్టుపక్కల ఎవురంగడి నిలిచింది పాపా? నేను గూడా మూసుకున్యా. నా ప్లేట్లు గూడా మీయమ్మే వచ్చి ఎండబెట్టిందా? పోయి అడుగు పో!”

ఇంటికొచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు అమ్మకు అప్పజెప్పాను. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగిపోయింది.

“ఆ యప్ప అట్లన్యాడా?” అని, మళ్లీ చెప్పమంది. చెప్పాను. “ఆ యప్ప గూడా మూసుకున్యాడా...” అని తనలో తాను అనుకుంది.

చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కొంగుతో ఒకటికి రెండుసార్లు తుడుచుకుని గడప దాటి వచ్చింది. ప్లేటు అంచులు పట్టుకుని తనే పెట్టింది. ముల్లూ తనే దించింది. పాట చక్కగా వచ్చింది. అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని, అయిపోయేదాకా కదలలేదు.

ఇప్పుడు పాటలకు ఎండా లేదు, వానా లేదు. ఫోన్ మీద వేలు పెడితే ఎన్నంటే అన్ని. సుఖమే, కాదనను... కానీ అమ్మ పాట పెడుతుంటే చూడాల్సిన మనిషి ఒక్కడే లేడు.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు, ఎప్పటిదో ఒక చిన్న పొరపాటును ఇంకా మోస్తూ ఉంటారు... వాళ్ల గురించి నాలుగు మాటలు రాయండి. అమ్మకు చదివి వినిపిస్తాను.