మగ్గం ఆపిన మేస్త్రి

గోడలకు చెవులుంటాయంటారు. ఆ మిల్లు నేత షెడ్డులో మాత్రం గోడలకు చెవులున్నా లాభం లేదు. వరసలు వరసలుగా మరమగ్గాలు దడదడలాడుతుంటే, పక్కనున్న మనిషి గొంతు చించుకున్నా నోరు తెరవడం, మూయడం తప్ప మరేమీ తెలియదు. కొత్తగా చేరినవాళ్లు తలనొప్పితో ఇంటికి పోతారు. పాతవాళ్లు ఇంటికెళ్లాక కూడా అరిచే మాట్లాడతారు. పక్కింటివాళ్లు ఆ ఇంట్లో రోజూ తగువేననుకుంటారు.

ఆ షెడ్డు మేస్త్రి మాటల పుట్ట. కుర్రతనంలో దారపు బుట్టలు మోయడానికి చేరి, మగ్గం పట్టి, జుట్టు నెరిసేసరికి మేస్త్రి అయ్యాడు. ఎవరైనా పలకరించేలోపే తానే నాలుగు మాటలు చెప్పి, ఒక జోకేసి, నవ్వుతూ ముందుకు సాగిపోయేవాడు. అదంతా సరదా అనుకునేరు. సరదా కాదు, భయం. అవతలివాళ్లు మాట్లాడితే ఆయనకు వినపడదు.

వినికిడి ఒక్కరోజులో పోలేదు. ముందు వంటింట్లో కుక్కర్ కూత పోయింది. తర్వాత ఫోను మోత. ఆ తర్వాత కూతురి మాటల్లో చివరి సగం. ఆయన టీవీ శబ్దం పెంచుకుంటూ పోతే ఒకనాడు కూతురు వచ్చి రిమోట్ లాక్కుపోయింది. అయినా ఆయన ఎవరికీ చెప్పలేదు. అడిగినదానికల్లా తలూపడం, "సరే, చూద్దాంలే" అనడం నేర్చుకున్నాడు. ఆ ఒక్క మాటతో సంసారం సగం నడిచిపోతుందని చాలామంది మగాళ్లకు తెలిసిందే. ఆయనకు షెడ్డు కూడా నడిచిపోయింది.

ఇంట్లో ఆవిడకు ఆయనతో ఏదైనా చెప్పాలంటే చేస్తున్న పని వదిలేసి మరీ వచ్చి, ఎదురుగా నిలబడి, మొహంలో మొహం పెట్టి చెప్పేది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఈవిడకు పోట్లాట సరదా తీరలేదనుకునేవాడు ఆయన.

దాచడానికి కారణముంది. మేస్త్రి అన్నవాడికి సైరన్ వినపడాలి. ఎక్కడైనా నిప్పంటుకుంటే అందరినీ బయటికి పంపవలసింది అతనే. రంగుల షెడ్డు మేస్త్రికి చూపు మందగించిందని తెలియగానే గోడౌనుకు మార్చేశారు. అక్కడ గుడ్డల మూటల మధ్య ఒక కుర్చీ, ఒక ఫ్యాను. జీతం తగ్గలేదు గానీ మనిషి తగ్గిపోయాడు. గేటు దగ్గర ఎవరు కనిపించినా ఆపి మరీ మాట్లాడేవాడు పాపం. ఆయన్ని చూసినప్పుడల్లా రేపు తన గతీ ఇంతేననుకునేవాడు మన మేస్త్రి. దాచడం తప్పని తెలుసు. కానీ ఆ షెడ్డూ ఆ మనుషులూ లేకుండా బతకడం ఎలాగో తెలియదు.

అలా ఉండగా మిల్లుకు కొత్త ఆఫీసరమ్మ వచ్చింది. మేడ మీద అనుకున్న మాట కిందికొచ్చేసరికి తలా తోకా మారిపోతోంది. ఒక షిఫ్టు వాళ్లు చెప్పింది మరో షిఫ్టుకు అందక గుడ్డ పాడవుతోంది. చేరినవాళ్లు చేరినట్టే మానేస్తున్నారు. ఇదంతా చక్కదిద్దమని ఆవిణ్ని తెచ్చారు. ఆవిడ నోటీసు బోర్డులు పెట్టిస్తే వాటి నీడన సైకిళ్లు నిలబెట్టుకున్నారు. సలహాల పెట్టె పెట్టిస్తే అందులో విరిగిన దువ్వెన, చాక్లెట్ కాగితాలు దొరికాయి. ఫోన్లలో గ్రూపు పెడితే పొద్దున్నే పువ్వుల బొమ్మలు తప్ప ఇంకేమీ రాలేదు. మరొకరైతే తప్పంతా జనానిదేనని పైకి రాసి చేతులు దులుపుకునేవారు. ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని షెడ్లలో తిరగడం మొదలుపెట్టింది.

నేత షెడ్డుకు వచ్చాక అక్కడినుంచి కదలలేదు. షిఫ్టు మారే వేళ ఒక మూల నిలబడి చూస్తూ ఉండేది. దిగిపోయే మనిషి వచ్చే మనిషి భుజం తట్టి, ఎదురుగా నిలబడి, గుడ్డ మీద వేలు పెట్టి చూపించి, రెండు ముక్కలు చెప్పేది. విన్న మనిషి అదే తిరిగి చెప్పేది. సరిపోతే తలూపి వెళ్లిపోయేవాళ్లు. మిల్లు మొత్తానికి గుడ్డ పాడవనిదీ, మనుషులు మానేయనిదీ ఆ షెడ్డు ఒక్కటే. ఆవిడ అలా చూస్తుంటే దొరికిపోయాననే అనుకున్నాడు మేస్త్రి.

ఒకరోజు కబురొచ్చింది. ఆఫీసరమ్మ తన గదిలో కూర్చోబెట్టి, బల్ల మీది కాగితాలు సర్దుకుంటూ తల వంచుకునే ఏదో చెప్పింది. పెదవులు కనపడితే కదా ఆయనకు మాట అందేది. ఆయన తనకొచ్చిన విద్యే వాడాడు. తలూపాడు, నవ్వాడు, "సరే, చూద్దాంలెండి" అన్నాడు. ఆవిడ లేచి నిలబడి చెయ్యి కలిపింది. ఏదో గండం గడిచిందనుకుని బయటపడ్డాడు.

గడవలేదు. మర్నాడు దారాలక్క వచ్చి భుజం తట్టి, ఎదురుగా నిలబడింది. ఆవిడ ఆ షెడ్డులో పాత మనిషి. జుట్టులో ఎప్పుడూ దారం ముక్కలుంటాయని అందరూ అలాగే పిలుస్తారు.

"ఎల్లుండి మీటింగులో మీరు మాట్లాడతారటగా మేస్త్రి గారూ. షెడ్ల మేస్త్రులంతా వస్తారట. మన షెడ్డులో మాట ఇంత చక్కగా ఎలా అందుతోందో మీరే చెప్పాలట. మమ్మల్నీ రమ్మన్నారు."

మేస్త్రి ఆ మీటింగు హాలు తలుచుకున్నాడు. ఆ హాల్లో నాలుగు వైపుల నుంచీ ప్రశ్నలడుగుతారు. అన్నిటికీ తలూపితే కుదరదు. పోనీ ఏం చెప్పాలి? మాట అందడానికి ఆయన చేసిందేమీ లేదే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని అందరూ వాడే మాటే. ఆ చెవిటివాణ్నే పిలిచి శంఖం ఎలా ఊదాలో చెప్పమంటే ఏం చెప్తాడు?

ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు. ఇంట్లో ఆవిడ ఎదురుగా వచ్చి ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాడు. కానీ ఒక నిశ్చయానికి వచ్చాడు. ఒకరు పట్టుకుంటే బయటపడేకన్నా, తానే చెప్పుకుని మర్యాదగా గోడౌనుకు పోవడం నయం.

మీటింగు రోజున మైకు చేతికిచ్చారు. ఈసారి జోకేమీ వేయకుండా నేరుగా మొదలుపెట్టాడు.

"మా షెడ్డులో నేను చేసిందేమీ లేదండి. నాకు చెవులు వినపడవు. ఏళ్లయింది. మేడం గారు గదిలో చెప్పిందీ నాకు వినపడలేదు. తలూపాను, అందుకే ఇక్కడ నిలబడ్డాను. ఇన్నాళ్లూ దాచడం తప్పు. గోడౌనుకు పంపితే పోతాను."

హాలంతా గుసగుసలాడింది. అది ఆయనకు వినపడలేదు, తలలు దగ్గరికి చేరడం కనపడింది. తన షెడ్డువాళ్ల వైపు చూడడానికి మొహం చెల్లక నేల చూపులు చూస్తున్నాడు. అంతలో ఎవరో భుజం తట్టారు. తలెత్తితే ఎదురుగా దారాలక్క.

"మాకు తెలుసు మేస్త్రి గారూ."

"ఏం తెలుసు?"

"వినపడదని. మా చిన్నదానికి ఒళ్లు కాలిపోతోంది, సెలవు కావాలని అడిగాను ఒకసారి. మీరు నవ్వి, శుభం, మిఠాయిలేవీ అన్నారు."

హాల్లో నవ్వులు. ఆవిడ నవ్వలేదు.

"నా ఏడుపు చూసి మగ్గం ఆపేశారు. ఆపి, ఎదురుగా నిలబడి, ఇప్పుడు చెప్పమ్మా అన్నారు. అంతా విని బండి పిలిపించి ఇంటికి పంపారు. మగ్గం ఆగితే మేస్త్రి జీతం కోస్తారని మాకు తెలియదా? ఆ రోజే మేమంతా ఒక మాట అనుకున్నాం. కొత్తవాళ్లెవరొచ్చినా ముందు ఇదే నేర్పుతాం. భుజం తట్టు, ఎదురుగా నిలబడు, క్లుప్తంగా చెప్పు, తిరిగి చెప్పించుకో. మీకోసమే మొదలుపెట్టాం. తర్వాత మాలో మాకూ అదే అలవాటైంది. ఆ మోతలో మాకు మాత్రం ఏం వినపడుతుంది గనక."

మేస్త్రి మైకు దించి, ఆవిడ పెదవుల మీదినుంచి చూపు తిప్పలేదు. 

"సైరన్ మోగిన ప్రతిసారీ మీ పక్కకు ఎందుకు పరిగెత్తుకొస్తాననుకున్నారు?"

"నీకు భయమనుకున్నాను."

ఈసారి ఆవిడ కూడా నవ్వింది. మేస్త్రి మాత్రం నవ్వలేకపోయాడు. లేని పుణ్యాన్ని తన ఖాతాలో వేసుకోవడం ఆయన వల్ల కాలేదు.

"ఆ రోజు నేను మగ్గం ఆపింది మంచితనంతో కాదేమోనమ్మా. అప్పటికే సరిగ్గా వినపడేది కాదు. వినపడకే ఆపానేమో."

దారాలక్క ఆయన కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా, పెదవులు స్పష్టంగా కదుపుతూ చెప్పింది.

"ఎందుకు ఆపితేనేం మేస్త్రి గారూ. ఆపారు కదా."

ఆయన అందరి ముందూ కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు ఆఫీసరమ్మ వచ్చింది. వచ్చినావిడ నేరుగా మాట్లాడలేదు. ముందు భుజం తట్టింది. తర్వాత ఎదురుగా నిలబడింది.

"సైరన్ మోగితే వెలిగేలా షెడ్డులో ఎర్ర లైట్లు పెట్టిస్తాను. మీ చెవులకు మెషీన్ ఇప్పిస్తాను. మీరు ఎక్కడికీ వెళ్లడం లేదు."

ఆయన అలవాటుకొద్దీ తలూపాడు.

"అలా కాదు," అంది దారాలక్క. "తిరిగి చెప్పండి."

"నేను ఎక్కడికీ వెళ్లడం లేదు," అన్నాడు మేస్త్రి. 

ఇప్పుడు ఆ మిల్లులో షిఫ్టు మారే వేళ అన్ని షెడ్లలోనూ మాట అందించుకోవడానికి కాసేపు యంత్రాలు ఆపుతారు. మేస్త్రి ఆ కాసేపట్లో గోడౌనుకు వెళ్లి, పాత రంగుల మేస్త్రితో టీ తాగి వస్తాడు.

చెవి మెషీన్ షెడ్డులో పనికిరాలేదు. ఆ మోతకు మొదటి రోజే తీసి జేబులో వేసుకున్నాడు. ఇంటికి రాగానే పెట్టుకున్నాడు. కుర్చీలో కూర్చుని ఉంటే వెనక వంటింట్లోంచి ఆవిడ గొంతు స్పష్టంగా వినపడింది.

"ఏమండీ."

అప్పుడు గానీ ఆయనకు వెలగలేదు, ఇన్నేళ్లుగా ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడింది పోట్లాటకు కాదని. షెడ్డులో అంతమంది కలిసి చేసిన పని ఇంట్లో ఈవిడ ఒక్కతే చేసింది. పైగా ఒక్కనాడూ నోరు జారలేదు. ఈ జన్మకు ఇంతమంది దొరికారు, ఇంకేం కావాలనుకున్నాడు.

ఆయన పలకలేదు. గిన్నె కింద పెట్టిన చప్పుడు, కొళాయి కట్టేసిన చప్పుడు, తడి కాళ్లతో ఆవిడ నడిచి వస్తున్న చప్పుడు ఒక్కొక్కటిగా వింటూ, ఆవిడ వచ్చి ఎదురుగా నిలబడేదాకా కదలకుండా కూర్చున్నాడు.