మంచె దిగిన పైలట్టు

అక్షరాలు నాకు యాభై దాటాక, మా మనవరాలి పలక మీద వచ్చాయి. అందుకే మస్తాన్ గారి సంగతి ఇన్నేళ్ళూ రాయలేకపోయాను. నోటితో చెబుదామంటే, విన్నవాళ్ళు నవ్వుతారేమోనని భయం. నిన్న మా పక్క మిరప చేలో మందు కొట్టడానికి డ్రోన్ తెచ్చారు. జుమ్మంటూ ఆ చప్పుడు, మందు వాసన, కింద ఆకులన్నీ ఒక్కసారిగా వణకడం. చూస్తూ చూస్తూనే ఇరవై ఏళ్ళ కిందటి పొగమంచులోకి జారిపోయాను.

మస్తాన్ గారిది అద్దంకి దగ్గర మా ఊరే. మిలట్రీలో నేల మీద కూర్చుని, మనిషి లేని విమానాన్ని నడిపేవారు. "ఎక్కని విమానానికి పైలట్టేంట్రా!" అని ఈడువాళ్ళు ఆట పట్టిస్తే ఆయనా నవ్వేవారు. ఉద్యోగం మధ్యలో ఎందుకు వదిలేసి వచ్చారో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది మా ఆయన పోయిన ఏడు. నాకున్న ఎకరం జొన్నే పిల్లలకి ఏడాది తిండి. కంకి పాలు పోసుకుంటే పిట్టలు దిగుతాయి. నేను పక్క చేలో మిరపకాయ కోతకి పోతూ, మంచె మీద ఆయన్ని కాపలా పెట్టుకున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం గట్టు మీద సద్ది విప్పి తింటూ తలెత్తితే, జొన్న నిండా చిలకలు. మంచె ఖాళీ. ఆయన కింద గుంజకి ఆనుకుని, చెమటతో తడిసిపోయి ఉన్నారు.

"ఏం మస్తాన్ గారూ, పిట్టలకి విందు పెట్టారా? నా పిల్లలేం తినాలి?"

"పైనుంచి నువ్వు అన్నం తింటం కనపడిందమ్మా," అన్నారు.

అప్పుడు చెప్పారు. సరిహద్దు అవతల కొండ మీద ఒకతన్ని పదకొండు రోజులు ఆ విమానం కెమెరా తెర మీద చూశారట. అతను రోజూ రొట్టె కాల్చుకుని, ఓ ముక్క కుక్కకి వేసేవాడట. అతనున్న చోటు ఫిరంగుల వాళ్ళకి చెప్పింది ఈయనే. ఫిరంగులు పేలినా తెర మీద చప్పుడు లేదు, దుమ్మే. దుమ్ము అణిగాక కుక్క ఒక్కటే వచ్చి వాసన చూసిందట.

"డ్యూటీ దిగి కోడికూరతో అన్నం తిన్నానమ్మా. అతని పేరు తెలీదు. గొంతన్నా వినలా. ఇయ్యాల నువ్వూ అట్టాగే కనపడ్డావు. వేరే ఎవుర్నన్నా పెట్టుకో."

ఓదార్చడం నాకు చేతకాదు. ఆ పూట చిలకల్ని నేనే తోలాను. ఇప్పటికీ దూరాన మనిషి కనబడితే గొంతెత్తి పేరు పెట్టి పిలుస్తాను. మనవరాలు సిగ్గుపడుతుంది. ఆయన వల్ల అబ్బిన అలవాటది, పోదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ఒక్క పూటకని బతిమాలి ఆయన్ని మంచె ఎక్కించాను. మిరప చేలోకి నడిచి వెనక్కి చూస్తే, మంచులో మసకగా ఒక ఆకారం. రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టి అరిచాను.

"మస్తాన్ గారూ! నేను రమణమ్మని! గోంగూర పచ్చడి తెచ్చుకున్నా!"

కోత ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. వాళ్ళలో సుబ్బులు కూడా సరదాకి అందుకుంది. "నేను సుబ్బుల్ని! ఉల్లిపాయ మర్చిపోయా!"

మళ్ళీ అరిచాను. ఈసారి మంచులోంచి వచ్చింది ఆయన గొంతు.

"ఇనపడిందమ్మా, రమణమ్మా!"

ఆ కేకకి జొన్న మీద చిలకలన్నీ ఒక్కసారిగా లేచాయి.