బండరాయి మాస్టారు

అమ్మాయిల జట్టు ఫుట్‌బాల్ కోచ్‌ని అందరూ బండరాయి మాస్టారనే అంటారు. గెలిచినా ఓడినా ఆ ముఖం మారదు. ఒకసారి ఆట చూస్తూ ఎంతసేపు కదలకుండా నిలబడ్డారంటే, టోపీలో పిచ్చుక గూడు కట్టి గుడ్లు కూడా పెట్టిందట. నమ్మనివాళ్ళకి ఆ టోపీ చూపిస్తారు. చేతులు వెనక్కి కట్టుకుని, ఈల ఊదకుండా నములుతూ గీత పక్కనే నిలబడడం ఆయన అలవాటు. గుండె వేగం చెప్పే ఛాతీ పట్టీలు వచ్చాక మాత్రం, ట్యాబ్ చూసే కోడలి మాటే ఆయనకి వేదం.

ఫైనల్లో స్కోరు సమంగా ఉండగా కోడలు కంగారుగా అరిచింది. "మామయ్యా! గోల్‌కీపర్ గుండె గుర్రంలా పరిగెడుతోంది. బయటికి పిలవండి!" బదులుగా ఉన్నది బంతిని చూస్తే కళ్ళు మూసుకునే పిల్ల. అయినా కప్పు కన్నా ప్రాణం ముఖ్యమని, ఆట ఆగగానే మాస్టారు చెయ్యెత్తారు. గోల్‌కీపర్ ఆవలిస్తూ వచ్చింది.

"నాకేమైంది సార్? మీరసలు నాకు పట్టీ ఇవ్వనేలేదు!"

మాస్టారు చొక్కా తడుముకున్నారు. ఎలా కట్టుకోవాలో చూపించడానికి పొద్దున కట్టుకున్న గోల్‌కీపర్ పట్టీ ఇంకా ఆయన ఛాతీ మీదే ఉంది.

"ఇన్నేళ్ళూ లోపల జరుగుతున్నది ఇదా మామయ్యా?"

"ఎవరికీ చెప్పకమ్మా."

"చెప్పను. మార్చాల్సింది మిమ్మల్నే, ముందు కూర్చోండి."

గోల్‌కీపర్ నవ్వుతూ వెనక్కి పరిగెత్తింది. మాస్టారు మొదటిసారి ఆట మధ్యలో బెంచీ మీద కూర్చుని, ఈల తీసి, పెద్దగా ఊపిరి వదిలారు. ట్యాబ్‌లో గుర్రం నెమ్మదిగా నడకలోకి దిగింది.