ఈకలున్న పాము పేరు

నా చిన్నప్పుడు మేము విదేశంలో, కేంబ్రిడ్జ్ అనే ఫ్యాక్టరీల ఊళ్లో ఒక టౌన్‌హౌస్‌లో అద్దెకుండేవాళ్లం. మా నాన్నగారు కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. పక్కింటి ఆంటీదీ అదే ఫ్యాక్టరీ. ఆవిడది గ్వాటెమాలా, అక్కడి యుద్ధానికి భయపడి వచ్చేసిన, మాయా అనే ఆదివాసీ జాతి కుటుంబం. అమ్మ కూడా పనికి వెళ్లిన రోజుల్లో నాకు వేడివేడిగా మొక్కజొన్న రొట్టెలు చేసిపెట్టేది ఆవిడే.

ఒక ఆగస్టు శనివారం పెరట్లో టమాటాలు కోస్తున్నాను. ఆకుల కింద పసుపు చారల పాము కదిలింది. కేకపెట్టి కళ్లు మూసుకున్నాను. నాన్నగారు పార పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. నేను కళ్లు తెరిచేసరికి పాము రెండు ముక్కలై ఉంది. అది మనిషికి హాని చేయని, గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కనే జాతి అని అప్పటికి మాకు తెలియదు. తెగిన కడుపులోంచి దారాల్లాంటి పిల్లలు బయటపడ్డాయి. ఒకటో రెండో ఇంకా మెలికలు తిరుగుతున్నాయి.

నా కేక విని ఆంటీ వచ్చారు. ముందు నా కాళ్లూ చేతులూ తడిమి చూశారు. తర్వాత పామును చూశారు. తిడతారేమోనని బిక్కచచ్చిపోయాను. ఆవిడ నేలమీద కూర్చుని, కదులుతున్న పిల్లల్ని ఆకు మీదికి తీసుకుని పొద కింద వదిలారు.

ఆ తర్వాత మెట్టు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో ఒక పేరు చెప్పారు. గుకుమాట్స్. వాళ్ల భాషలో ‘గుక్’ అంటే పొడవాటి ఆకుపచ్చ తోక ఉన్న ఒక పక్షి, ‘కుమాట్స్’ అంటే పాము. ఈకలున్న పాము. లోకాన్ని సృష్టించిన దేవుళ్లలో ఒకడు. నీళ్లూ ఆకాశమూ తప్ప ఇంకేమీ లేనప్పుడు, నీళ్లలో పచ్చగా మెరుస్తూ ఉన్నాడట. తోటి దేవుడితో ఆలోచించుకుని ‘భూమి’ అన్నాడట. ఆ మాటకే నేల పైకి లేచిందట.

నాన్నగారు పారను కడిగిందే కడుగుతున్నారు. అది ఎప్పుడో శుభ్రమైపోయింది. కాసేపటికి తలెత్తకుండానే అమ్మతో అన్నట్టు తెలుగులో అన్నారు. “నాగుల చవితికి మా అమ్మ పుట్టలో పాలు పోసేది. నేను పక్కన నిలబడి దణ్ణం పెట్టుకునేవాణ్ణి.” అమ్మ ఆ రోజు డ్యూటీలో ఉంది. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

నేనే అరిచాను, నావల్లే చచ్చిపోయింది అని ఇంగ్లీషులో ఏడ్చాను. ఆంటీ నా తల నిమిరారు. ఆవిడ అన్నదాన్ని మన మాటల్లో చెబితే ఇంతే: “భయం ఎవరికైనా వేస్తుంది తల్లీ. పేరు తెలిసినదాన్ని చంపాలంటే మాత్రం చెయ్యి కాస్త తడబడుతుంది.”

తిట్టి ఉంటే ఏడ్చి మరిచిపోయేదాన్నేమో. ఆవిడ అంత తేలిగ్గా క్షమించడం వల్లే అది నాలో నిలిచిపోయింది. నాన్నగారు ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. ఆ పెరట్లో మళ్లీ ఆయన తవ్వగా నేను చూడలేదు.

ఇప్పుడు నాన్నగారూ లేరు, ఆంటీ లేరు. నేనే అమ్మమ్మనయ్యాను. కొత్తగా పక్కకు వచ్చినవాళ్లను చూసి మనసు ముడుచుకున్నప్పుడల్లా, వెళ్లి ముందు పేరు అడుగుతాను. ఆ పేరుకు అర్థమేమిటనీ అడుగుతాను. చెబుతూ వాళ్ల ముఖాలు విప్పారతాయి. నా లోపల మాత్రం, పేరు అడగకుండానే పోగొట్టుకున్న ఆ తల్లిపాము ఒక్కసారి కదులుతుంది.