అరటిపళ్ళ గురించి కాదు

ఆవిడ పేరు నాకిప్పటికీ తెలియదు. తొంభైల్లో ఒకసారి రాజమండ్రి బస్సులో నా పక్క సీట్లో కూర్చుంది. రావులపాలెంలో బస్సు ఆగగానే భర్తను అరటిపళ్ళకి పంపింది. ఆయన తిరిగొచ్చేదాకా కిటికీలోంచి మెడ చాచి చూస్తూనే ఉంది. పళ్ళ అత్తం అందుకుంటూ, బాగా దగ్గరికి వంగి అడిగింది.

"పళ్ళు ముగ్గినవేనా అండి?"

ఆ ప్రశ్న పళ్ళ గురించి కాదని నాకు వెంటనే అర్థమైంది. తాగే మనిషి భార్య జవాబు వినడానికి అడగదు, వాసన చూడ్డానికి అడుగుతుంది. మా ఇంట్లో అలా అడిగితే తిట్లే.

ఆయన మాత్రం నవ్వి, ఆమె మొహం ముందుకి వంగి "హా" అని ఊపిరి వదిలాడు.

"మందు మానడానికని బౌద్ధుల ధ్యాన శిబిరానికి వెళ్ళొచ్చారండి," అంది ఆవిడ నాతో. "అక్కడ మాటలుండవంట. కళ్ళు మూసుకుని, వచ్చే ఊపిరినీ పోయే ఊపిరినీ గమనిస్తా కూర్చోడమేనంట. పెళ్ళయిన కాడ్నించీ నేను చేస్తంది అదేగదండీ!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు కడుపు మండిపోయింది. ఆయన మానేసినందుకు కాదు. మానేసి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళను చాలామందిని చూశాను. అడక్కుండానే నోరు తెరిచి చూపించాడే, అందుకు. ఆవిడ పండు ఇవ్వబోతే వద్దన్నాను.

ఇంటికెళ్ళేసరికి మా ఆయన వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. దగ్గరికెళ్ళి అడిగాను.

"అన్నం తిన్నారా?"

ఆయన మొహం అటు తిప్పుకుని, తలూపారు.